పెద్దసారు బిగించిన పగ్గం

మార్చి 4, మంగళవారం

చెప్పేశాను. మీటింగులో అందరి ముందూ, మా గ్రూపును నడిపే మేడమ్ ముందు, చెప్పేశాను. బంగారు రేకు మీద లేజరుతో కొట్టిన పాత మూడు షాట్లకూ నా కొత్త లెక్కకూ రెండు వందల పికోసెకన్ల తేడా వస్తోందంటే, తప్పు లెక్కది కాదు, కెమెరా గడియారానిది. వెలుగు రేకు వెనక నుంచి బయటపడే క్షణాన్ని ఆ కెమెరా ముందుగా చూపిస్తోంది. అంతే. రెండు వందల పికోసెకన్లంటే రెప్పపాటులో కోట్ల సార్లు గడిచిపోయేంత కాలం. కానీ మా పనిలో అది కొండంత తేడా. ఇందులో సొంత గొడవ ఏమీ లేదు. ఆ కెమెరా కట్టింది మా చెల్లెలు కావడం నా నేరం కాదు.

చిట్టి తల ఎత్తలేదు. తర్వాత కారిడార్లో కాఫీ మిషను దగ్గర ఎదురుపడింది. ఇంట్లో అన్నయ్యా అంటుంది, ఆఫీసులో కోపమొస్తే సార్ అంటుంది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది సార్ మీ వ్యవహారం."

"ఓడు కాదని చూపించు మరి," అన్నాను.

"దాన్ని కట్టడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. నువ్వు నాలుగు నిమిషాల్లో తేల్చేశావు."

నాలుగు నిమిషాలేమీ కాదు. కొత్త పట్టికలకు నాకూ ఏడాదిన్నర పట్టింది. బాగా కాగిన బంగారం ఏ రంగు వెలుగును ఎంత మింగుతుందో చెప్పే పట్టికలవి. రిటైరైన మా పెద్దసారు కాలం నాటి పట్టికల్లో, వెలుగును గట్టిగా మింగే సన్నటి రంగు గీతలన్నీ వదిలేశారు, అప్పటి కంప్యూటర్లు అంత బరువు మోయలేవు. నేను లక్షల గీతలు చేర్చాను. వేరేవాళ్ళు విడిగా కొలిచిన కొలతలతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. లెక్కలో తప్పు లేదు.

మార్చి 5

అమ్మ కూర డబ్బా తెచ్చి గుమ్మంలోనే ఇచ్చి వెళ్ళిపోయింది. చిట్టీ అమ్మా ఉండేది ఎదురు ఫ్లాటే. నాలుగడుగుల దూరానికి ఇంత మౌనం అక్కర్లేదు.

మార్చి 11, మంగళవారం

అమ్మ ఇవాళ లోపలికొచ్చింది. కూర్చుంటూనే అసలు సంగతికి దిగింది.

"అది సరిగ్గా తినట్లేదురా. ఏమిటసలు మీ గొడవ? నాకర్థమయ్యేలా చెప్పు."

చెప్పాను. బంగారు రేకు మీద లేజరుతో కొడతాం, అదే షాటంటే, అన్నాను.

"బంగారం మీదా?"

"వెంట్రుకలో ముప్పయ్యో వంతు మందం అమ్మా. నీ ఉంగరం కరిగిస్తే వేల రేకులొస్తాయి."

అమ్మ ఉంగరమున్న చెయ్యి కొంగు కిందికి లాక్కుంది. నేను మిగతాది చెప్పాను. లేజరు తగిలిన ముఖం లక్షల డిగ్రీలకు కాగి లోహం ప్లాస్మా అయిపోతుంది, ఎక్స్‌రే వెలుగు చిమ్ముతుంది. ఆ వెలుగును లోపలి పొర మింగి తానూ కాగుతుంది, తానూ చిమ్ముతుంది. దాన్ని ఆ తర్వాతి పొర మింగుతుంది. అలా వేడి పొరలు దాటుకుంటూ లేజరు తగలని వైపుకొచ్చి బయటపడుతుంది. ఎప్పుడు బయటపడుతుందా అని అక్కడ చిట్టి కెమెరా కాచుక్కూర్చుంటుంది.

"పుకారులాగన్నమాట," అంది అమ్మ. "ఒకళ్ళు మింగి ఇంకొకళ్ళ దగ్గర కక్కుతారు. ఎన్ని నోళ్ళు మారితే అంత ఆలస్యం."

ఇన్నేళ్ళుగా కొత్తగా చేరిన వాళ్ళకు నేను ఇంత బాగా చెప్పలేకపోయాను. "నా పట్టికల్లో నోళ్ళు ఎక్కువ. అందుకే నా లెక్కలో వెలుగు ఆలస్యంగా వస్తుంది. చిట్టి కెమెరా ముందే వచ్చేసిందంటోంది."

"కెమెరా చూసిందిగా. నువ్వు చూళ్ళేదు కదరా."

గడియారాలు కూడా తప్పుతాయని వివరించబోయాను. వినకుండా ఖాళీ డబ్బా తీసుకుని లేచింది. "నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు," అంటూ వెళ్ళిపోయింది. అమ్మ ఎప్పుడూ చిన్నదాని పక్షమే.

మార్చి 14, శుక్రవారం

గడియారంలో తప్పుందని తేలింది. నేను చెప్పానా లేదా?

చిట్టి ప్రతి తీగా విప్పి మళ్ళీ కొలిచింది. ఇరవై పికోసెకన్లు తేడా ఉంది. దాచొచ్చు, దాచలేదు. తనే నా గదికొచ్చి చెప్పింది.

"ఇరవై దొరికిందంటే మిగతా నూట ఎనభై కూడా అక్కడే ఎక్కడో ఉంటాయి," అన్నాను.

"నిజంగా అలా అనుకుంటున్నావా?"

"దొంగ దొరికాడు. సొత్తు దొరకాలి, అంతే."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ఇరవై అంటే ఏ కొలతలోనైనా ఉండే మామూలు ఊగిసలాటే కదా అనొచ్చు. కానీ అలా అనడం మొదలుపెడితే ఎవరైనా దేన్నైనా అనొచ్చు.

మార్చి 20, గురువారం

ఏప్రిల్ ఎనిమిదిన షాటు. లేజరు శక్తి పాత షాట్లకు రెండింతలు. ఈ ఏడాదికి మా వంతు ఇదొక్కటే.

రేకు మందం ఎంతన్నదే ఇవాళ్టి రభస. మందం ఎక్కువైతే వెలుగు వెనక్కి రాదు, ఫొటో నల్లగా వస్తుంది. తక్కువైతే లేజరు ఇంకా కొడుతుండగానే రేకు తెగి, ఆ వేడంతా నేరుగా కెమెరా ముఖాన పడుతుంది. కెమెరా ముందు భాగం కాలిపోతుంది. నా లెక్క ప్రకారం రెండు మైక్రాన్లు పెట్టాలి, లేజరు ఆగిన తర్వాత తీరిగ్గా బయటికొస్తుంది వెలుగు. చిట్టి పాత షాట్లను బట్టి మూడు అంటోంది. నా లెక్కలో మూడంటే కటిక చీకటే.

"చీకటిని ఫొటో తీయడానికి ఏడాది వంతు ఖర్చు పెట్టలేను," అన్నారు మేడమ్. రెండుకే ఖాయమైంది.

చిట్టి ఒప్పందం జూన్‌తో అయిపోతుంది. ఈ షాటులో ఫొటో రాకపోతే పొడిగించరు. కెమెరాయే పోతే ఆ మాటెత్తే పని కూడా ఉండదు. ఇదంతా నాకు తెలుసు. అందుకే రెండు అన్నాను. దాని మంచికే అన్నాను. చీకటి ఫొటోతో అది ఏం చేసుకుంటుంది?

మార్చి 27, గురువారం

పాత మూడు షాట్ల సమయాలకూ రెండు వందలు కలపమని మేడమ్ చిట్టికి చెప్పారట. కలిపింది.

లిఫ్టులో ఇద్దరమే ఉన్నాం. "కలిపాక నీ గీత మీద చుక్కలు చక్కగా కూర్చున్నాయి," అంది. నేను మా అంతస్తు బటన్ మళ్ళీ నొక్కాను. "నీ పట్టికలు మొత్తం చదివాను అన్నయ్యా. ఎక్కడా వంక పెట్టలేకపోయాను. నా గడియారమే అయ్యుంటుంది. ఎక్కడో నాకు తెలీడం లేదు, అంతే."

అన్నయ్యా అంది, ఆఫీసులో.

గెలిచినట్టే. క్యాంటీన్లో తెచ్చుకున్న బజ్జీలు సగం వదిలేశాను. క్యాంటీన్ నూనె మంచిది కాదు.

ఏప్రిల్ 5, శనివారం

పెద్దసారింటికి వెళ్ళాను. మా ప్రోగ్రాము మొదట రాసింది ఆయనే, నాకు ఈ పని నేర్పిందీ ఆయనే. రిటైరయ్యాక ఇదే మొదటిసారి వెళ్ళడం. నిజం చెప్పాలంటే కొత్త పట్టికలు చూపించి మెప్పు పొందుదామనే వెళ్ళాను.

న్యూస్‌పేపరు పరుచుకుని టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నారు. కాగితాలన్నీ ఓపిగ్గా చూశారు. "బాగుందిరా. నేను చేద్దామనుకుని చేయలేకపోయింది ఇదే," అన్నారు. నేను పొంగిపోయాను. మళ్ళీ ఫ్యాను మీదికి వంగి, "పగ్గం ఎంతకి వదులు చేశావు?" అన్నారు.

పగ్గమంటే మా లెక్కలో ఒక అంకె. ప్లాస్మా పల్చబడిన చోట మా సూత్రం వేడిని కాంతి కన్నా వేగంగా పరుగెత్తించేస్తుంది. అది అసాధ్యం కాబట్టి అంకె పెట్టి లాగిపట్టుకుంటాం. ఆ పేరు సారే పెట్టారు. మా గదిలో ఎవరూ దాన్ని ముట్టుకోరు. కొత్తగా చేరినవాళ్ళు కూడా ప్రోగ్రాములో ఆ వరుస దగ్గరికొస్తే గొంతు తగ్గించి మాట్లాడతారు.

"ముట్టుకోలేదు సార్. మీరు పెట్టిందే ఉంది."

సారు స్క్రూడ్రైవరు కింద పెట్టారు. "ఎందుకు ముట్టుకోలేదు?"

"మీరు పెట్టింది కదా సార్."

"నీ భక్తి తగలెయ్య. నా పట్టికలు చచ్చు పట్టికలురా. సగం గీతలే లేవు వాటిల్లో. వెలుగు తేలిగ్గా జారిపోయి ముందే వచ్చేసేది. షాట్లతో కలవడం లేదని, పగ్గం ఉండాల్సిన దానికంటే గట్టిగా బిగించాను. ఒక తప్పుకి ఇంకో తప్పుని కట్టేశాను. రెండూ కలిసి బండి నడిపాయి. నువ్వు మొదటి తప్పు దిద్ది రెండోదాన్ని పూజలో పెట్టావు. ఇప్పుడు నీ వెలుగు రావాల్సిన దానికన్నా ఆలస్యంగా వస్తుంది."

నేను కాగితాలు సర్దుకుంటున్నాను.

"మరి పాత షాట్లతో కలిసుండదే. కలవకపోతే ఏం చేశావు?"

"కెమెరా గడియారం తప్పనుకున్నాం సార్."

"ఎవరి కెమెరా?"

టీ బాగుందన్నాను. బస్సు వేళయిందని లేచాను.

ఏప్రిల్ 6, ఆదివారం

పొద్దున్నే కూర్చుని పగ్గం వదులు చేసి పాత మూడు షాట్లూ మళ్ళీ నడిపాను. మూడూ కలిశాయి. చిట్టి మొదట చెప్పిన సమయాలతో. దానికి దొరికిన ఆ ఇరవై సరిదిద్దితే ఇంకా దగ్గరగా కలిశాయి.

యాదృచ్ఛికం కావచ్చు. మూడు షాట్లంటే మూడే కదా.

మంగళవారం షాటు కూడా నడిపాను. రెండు మైక్రాన్ల రేకు. లేజరు పూర్తి బలంతో కొడుతుండగానే తెగిపోతోంది. మూడు పెట్టి నడిపాను. మూడుతో అన్నీ సరిగ్గా ఉన్నాయి, వెలుగు వస్తుంది, కెమెరా బతుకుతుంది.

మధ్యాహ్నం అమ్మ పిలిస్తే ఎదురింట్లో భోంచేశాను. చాన్నాళ్ళకు ముగ్గురం కలిసి కూర్చున్నాం. చిట్టి హుషారుగా ఉంది, షాటు గురించే మాట్లాడింది. పెరుగన్నం దాకా చెప్దామనే అనుకున్నాను. అమ్మ ముఖం చూసి ఆగాను. ఇంట్లో ఆఫీసు సంగతులెందుకు. రేపు ఆఫీసులో చెప్తాను, అదే పద్ధతి.

ఏప్రిల్ 7, సోమవారం

చెప్పే వీలు చిక్కలేదు. అందరూ హడావిడిగా ఉన్నారు. రేకు షాటు కొట్టే ఛాంబర్లోకి ఎక్కింది.

ఏప్రిల్ 8, మంగళవారం

వరసగా రాస్తాను. లేకపోతే తర్వాత నాకు అనుకూలంగా గుర్తుపెట్టుకుంటాను.

షాటుకు ముందు కంట్రోల్ రూమ్ పక్క గదిలో అందరం నిలబడ్డాం. ఛాంబర్లో గాలంతా తీసేశారు. ఇప్పుడు రేకు మార్చాలంటే మా వంతు పోయినట్టే. కానీ కెమెరా ముందున్న ఉక్కు తలుపు దించడానికి అర నిమిషం చాలు. దించితే ఫొటో రాదు, కెమెరా మిగులుతుంది.

"ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?" అని అడిగారు మేడమ్.

బస్సులో వాక్యం మొత్తం సిద్ధం చేసుకున్నాను. తప్పు నా లెక్కలో ఉంది, చిట్టి గడియారం సరిగ్గా ఉంది, ఈ రేకు ఆగదు. నోరు తెరిస్తే ఇంకోటి వచ్చింది.

"రెండు కాస్త పల్చనేమో మేడమ్. జాగ్రత్త కోసం కెమెరా తలుపు దించితే మంచిదేమో."

"లెక్క మారిందా?"

"మారిందని కాదు..."

"మరి?"

మింగలేక కక్కలేక నిలబడ్డాను. లేజరు నడిపే ఇంజనీరు వెనక నుంచి అన్నాడు, "చెల్లెలి కెమెరా కదా మేడమ్, ఆయన ప్రాణం కొట్టుకుంటోంది." అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వారు. నేనూ నవ్వాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ నేనూ నవ్వాను.

"కెమెరా మీది. తలుపు మీ ఇష్టం," అన్నారు మేడమ్ చిట్టితో.

చిట్టి నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. "అన్నయ్యా, నిజం చెప్పు. ఏదైనా దొరికిందా?"

అడిగింది. సూటిగా అడిగింది. నన్ను ఇంతకన్నా తేలిగ్గా ఎవరూ గట్టెక్కించలేరు.

"చూడాల్సింది ఒకటుంది. ఇంకా తేలలేదు," అన్నాను.

నా భుజం మీద చెయ్యేసింది. "నీకు భయం పట్టుకుంది. నేనంటే బెంగ ఎక్కువై నీ లెక్క మీద నీకే నమ్మకం పోయింది. నాకు పోలేదులే. ఈ ఫొటో లేకపోతే జూన్ తర్వాత నేనిక్కడ ఉండను. తలుపు తీసే ఉంచుతాను."

వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నారు. పది దగ్గర చెప్పొచ్చు. ఐదు దగ్గర చెప్పొచ్చు. చివరి అంకె దాకా షాటు ఆపే బటన్ అందరికీ అందుబాటులోనే ఉంటుంది, నా మోచేతి పక్కనే ఉంది.

షాటుకి మా గదిలో చప్పుడేమీ ఉండదు. తెర మీద అంకెలు మారతాయి, అంతే. చిట్టి తెర మీద ఒక వరుస మొత్తం ఎర్రగా అయిపోయింది.

"ముందు భాగం పలకడం లేదు," అంది. మామూలు గొంతుతోనే అంది.

ఛాంబర్ తెరిచేసరికి సాయంత్రమైంది. కెమెరా ముఖం నల్లగా కమిలి, అంచులు కరిగి ఉన్నాయి. చిట్టి చేతి తొడుగులు వేసుకుని దాన్ని తనే బయటికి తీసింది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. ఇక్కడ కాలింది నా చేతులు కూడా కాదు.

ఏప్రిల్ 9, బుధవారం

మీటింగులో చెప్పాను. నిన్నటి వాక్యం ఒక్క ముక్క తగ్గకుండా చెప్పాను. పగ్గం సంగతి, చచ్చు పట్టికల సంగతి, గడియారం మొదట్నుంచీ సరిగ్గానే ఉన్న సంగతి.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?" అన్నారు మేడమ్.

"శనివారం నుంచి. ఆదివారం పొద్దున్నకి పూర్తిగా తెలుసు."

ఇవాళ ఎవరూ నవ్వలేదు. ఇంజనీరు తన కప్పులోకి చూసుకుంటున్నాడు.

చిట్టి నన్ను చూడకుండానే మాట్లాడింది. "ఆదివారం మా ఇంట్లోనే కదా భోంచేశావు," అంది.

తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను, చావలేదు, లేచి కుర్చీ సర్ది వచ్చాను.

ఏప్రిల్ 10

కూర డబ్బా రాలేదు.

ఏప్రిల్ 12, శనివారం

అమ్మ మెట్ల దగ్గర కనబడింది. "దానికి చెప్పడానికి నీకు నోరెందుకు రాలేదురా?" అంది. భయపడ్డానమ్మా అన్నాను. "ఎవరికి?" అంది. ఆలోచించాను. మేడమ్‌కి కాదు, ఉద్యోగం గురించీ కాదు. చిట్టి ముందు తప్పయిపోవడానికి. చిన్నప్పట్నుంచీ దానికి లెక్కలు చెప్పింది నేనే. ఈ మాట అమ్మతో అనలేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

చిట్టి వచ్చింది. ల్యాప్‌టాప్ నా టేబుల్ మీద పెట్టి, నిలబడే మాట్లాడింది.

కెమెరా ముందు భాగం కాలిందే గాని, వెనకున్న రికార్డరు బతికింది. కాలిపోయేలోపు పడిన వెలుగంతా అందులో ఉంది. నాలుగైదు రోజులు కూర్చుని దాన్ని బయటికి లాగింది.

"ఆదివారం వేసిన లెక్క ఇవ్వు," అంది.

ఇచ్చాను. తన గీత మీద నా గీత వేసింది. వెలుగు మొదట కనబడిన క్షణం నుంచి కెమెరా ప్రాణం పోయిన క్షణం దాకా రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. కాగిన బంగారం గుండా వేడి ఎలా దాటుతుందో ఇంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు. మామూలుగానైతే కేకలు పెట్టి అమ్మను పిలిచేవాణ్ణి. తెర వైపు చూస్తూ కూర్చున్నాను.

"మేడమ్‌కి పొద్దున చూపించాను," అంది. "ఏడాది పొడిగించారు. ముందు భాగం మళ్ళీ కట్టమన్నారు."

"నేను సాయం చేస్తాను."

"అక్కర్లేదు."

"చిట్టీ, నేను ఆ రోజు..."

"తెలుసు. నువ్వు చెప్పే మాట ఏదైనా నేనే నీ తరఫున చెప్పేసుకున్నాను ఈ ఆరు రోజులూ. ఏదీ అతకలేదు." ల్యాప్‌టాప్ మూసింది. "కెమెరా పోయినందుకు కాదు. నా గడియారం తప్పని నా చేతే అనిపించావు. నేను నమ్మేశాను. అది తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది."

నిజమే అన్నాను.

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "వచ్చే షాటుకి రేకు మందం నేను చెప్తాను."

"సరే. ఎంతనుకుంటున్నావు?"

"షాటు అయ్యాక నీకు తెలుస్తుంది," అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

ఎదురు తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం వినబడ్డాయి. అది అడిగింది న్యాయమే. నేను చాలాసేపు ఏడ్చాను.